వీసీఆర్ బటన్

తాతయ్య సొరుగులో దొరికిన అన్ని పరికరాలకీ పనికొచ్చే పాత యూనివర్సల్ రిమోట్‌కి మనవరాలు కొత్త బ్యాటరీలు వేసింది. బ్లూ-రే ప్లేయర్‌తో వచ్చిన రిమోట్ ఎక్కడో పోయింది. సోఫాలో అమ్మమ్మ టీవీ చూస్తోంది.

“దీనికి బ్లూ-రే బటనే లేదు అమ్మమ్మా. ఇది పుట్టేనాటికి అది ఇంకా పుట్టలేదు.”

“మరెలా?”

“మనింట్లో వీసీఆర్ లేదు, ఆ బటన్ ఖాళీయే కదా. దానికి బ్లూ-రే కోడ్ ఇస్తే సరి. ముందు పనిచేస్తోందో లేదో చూద్దాం.”

వీసీఆర్ నొక్కి, పవర్ నొక్కింది. టీవీ ఆగిపోయింది.

“అదిగో, మళ్ళీ మొదలెట్టింది మాయదారి టీవీ.”

“మళ్ళీనా?”

“మీ తాతయ్య ఉన్నప్పుడు రోజూ ఇదే గోల. సినిమా మధ్యలో దానంతటదే ఆగిపోయేది. మెకానిక్ వచ్చి చూస్తే ఏ లోపమూ లేదనేవాడు. ఆయన పోయాక విచిత్రంగా బాగైపోయింది.”

“అప్పుడు తాతయ్య ఎక్కడ కూర్చునేవాడు?”

“నా వెనకే, ఆ కుర్చీలో, పేపరు చదువుకుంటూ. ‘టీవీ వేడెక్కినట్టుంది, ఇక వెళ్ళి పడుకో’ అనేవారు.”

మనవరాలు మళ్ళీ నొక్కింది. టీవీ వెలిగింది. ఇంకోసారి నొక్కితే ఆరిపోయింది.

“ఈ బటన్‌కి టీవీ కోడ్ పెట్టుకున్నాడు తాతయ్య. నిజం చెప్పు, సినిమా చూస్తూ కునికేదానివా?”

“కళ్ళు మూసుకుని వినేదాన్ని. నిద్రపోయావని ఎవరైనా అంటే ఊరుకునేదాన్ని కాదు.”

“అందుకే నెపం టీవీ మీదకి నెట్టాడు.”

అమ్మమ్మ రిమోట్ అందుకుని తిప్పి తిప్పి చూసింది.

“అయితే ఆయనకి తెలుసన్నమాట.”

“అందరికీ తెలుసు.”

“సర్లే. నీ బ్లూ-రేకి ఇంకో బటన్ ఏదైనా చూసుకో. దీన్ని కదపకు.”