తెల్ల గుల్లల తప్పేమీ లేదు

ఆ తెల్ల గుల్లల్ని తిట్టడం ఇక చాలించు బావా. పంతొమ్మిదేళ్ళుగా వింటున్నా. గ్యారేజీలో అడుగు పెట్టావో లేదో, కాఫీ అయినా తాగకుండా మొదలెట్టావు. "ఈసారి తూటా గుల్లలన్నీ ఇత్తడివే తెచ్చా ఎమ్మెట్, ఆ నికెల్ పూత దరిద్రం నా కూతురి తుపాకీలోకి వద్దు" అని. సరే, తెచ్చావు. అక్కడ పెట్టు. బల్ల మీద కాదు, ఆ స్టూలు మీద.

కూర్చో ముందు. నేను కనబడేటట్టు కూర్చో. ఆఁ, ఆ పక్కకి.

నేను వాటిని వెనకేసుకొస్తున్నానా? నాకేం అవసరం? ఈ లోయలో వాటితో నా అంత చాకిరీ చేసినవాడు ఎవడున్నాడు చెప్పు. కాల్చిన గుల్లని మళ్ళీ నింపాలంటే, ఇత్తడిదైతే మీట నొక్కగానే బుద్ధిగా డైలోకి, అదే కొలత సరిచేసే అచ్చులోకి, దిగుతుంది. ఆ తెల్లది మొరాయిస్తుంది. నూనె రాసినా మొరాయిస్తుంది. పూత పెచ్చులు లేచి డైలో ఇరుక్కున్నాయంటే, ఆ తర్వాత వచ్చే ప్రతి గుల్ల మీదా గీతలే. నాలుగైదుసార్లు వాడేసరికి మెడ దగ్గర చీలిక. నా మోచెయ్యి ఇలా తగలడిందంటే సగం నీ షోకు వల్లే.

షోకు కాదులే. ఏదో నోటికొచ్చింది. తోలు బెల్టులో పెడితే ఇత్తడికి చిలుము పడుతుంది, తెల్లవాటికి పట్టదు, గడ్డిలో పడినా మెరుస్తూ దొరుకుతాయి అన్నావు. నువ్వన్నది సబబే. పైగా నీవి తెల్లవి, నావి ఇత్తడివి. ఒకే బల్ల మీద ఇద్దరి తూటాలూ కలిసిపోకుండా ఉండేవి. నాకూ అదో సుఖం.

నిన్న నీ కూతురు కెండ్రా ఫోన్ చేసింది. నీకు తెలుసా? తెలీదా, అయితే చెప్పలేదన్నమాట. ఎల్క్ దుప్పుల వేట పర్మిట్ లాటరీలో పేరొచ్చిందని చెప్పింది. సంతోషంతో పిల్ల గొంతు నిలవట్లేదు. ఆ తర్వాత ఏమందో తెలుసా? "మావయ్యా, నువ్వు వద్దు వద్దన్నా నాన్న వినకుండా తెల్ల గుల్లలు పెట్టించుకున్నాడంట కదా, అందుకే కన్ను పోయిందంట కదా. నేను అలా కాదు, నీ మాట వింటా. నువ్వు నింపిన తూటాలు తప్ప కొట్లో డబ్బా ముట్టుకోను" అంది.

నేను వద్దన్నానా బావా?

ఎప్పుడన్నాను? గుర్తు తెచ్చుకో. మోచెయ్యి నొప్పని సణిగాను. ముసలి ఆవులా మొరాయిస్తున్నాయని సణిగాను. ఒక్కసారైనా వద్దన్నానా? ఏటేటా నువ్వు చెప్పుకుంటూ పోయేసరికి నా సణుగుడు కాస్తా హెచ్చరిక అయి కూర్చుంది. చర్చి విందులో ప్లేటు చేతిలో పట్టుకుని చెబుతావు, పశువుల సంతలో చెబుతావు. "ఎమ్మెట్ చెప్పాడు, నేనే వినలేదు, నా నెత్తిన నేనే చెయ్యి పెట్టుకున్నా." అందరూ నవ్వుతారు. నేను పక్కనే ఉంటా. కేకు ముక్క నోట్లో పెట్టుకుని ప్లేటులోకి చూస్తూ ఉంటా.

లేదు, పూర్తిగా విను. మధ్యలో లేవకు. లేస్తే మళ్ళీ చెప్పలేను.

ఆ గొట్టం చూడు, తుపాకీ మందు పోసేది. మీట ఆడిస్తే కింద గుల్లలోకి కొలతగా పడుతుంది. పని అయిపోగానే గొట్టంలో మిగిలిన మందు తిరిగి దాని డబ్బాలోకి ఒంపెయ్యాలి. ఒంపి, గొట్టంలోకి వేలు పెట్టి చూడాలి. తూటాలు నింపేవాడికి ఇవే ఓనమాలు. నీకు నేర్పింది నేనే, ఈ బల్ల దగ్గరే. గొట్టంలో మందు వదిలేసి వెళ్ళినవాడు మర్నాడు ఏ మందో గుర్తు పట్టలేడని నీ చెయ్యి మీద కొట్టి మరీ చెప్పాను.

నీ కన్ను పోయిన ఏడు, వేట సీజన్ మొదలవడానికి వారం ముందు. పిస్టల్ తూటాలు నింపుతున్నా. ఆ మందు వేరు, భగ్గుమని ఒక్కసారే మండుతుంది, రైఫిల్‌లో పొయ్యకూడనిది. ఇంతలో అక్క ఫోన్. బంగాళదుంపలు చల్లారిపోతున్నాయి, త్వరగా రమ్మని. లైటార్పి మీ ఇంటికొచ్చేశా. నార్మక్క వంటంటే నాకు తెలిసిందేగా, కడుపునిండా తిన్నా. గొట్టం అడుగున మందు ఉండిపోయింది.

మర్నాడు దాని మీదే రైఫిల్ మందు పోశా. నీ తెల్ల గుల్లలు ఇరవై. అడుగున ఉన్నదే ముందు పడుతుంది కదా. మొదటి ఐదూ నింపినవి నింపినట్టే నువ్వు తీసుకుని బెల్టులో పెట్టుకున్నావు.

వేటకెళ్ళిన ఆ పొద్దున మనం కంచె దగ్గర ఉన్నాం. నువ్వు కాల్చావు. ఎల్క్ నిలబడే ఉంది. నువ్వు పడిపోయావు. నీ మొహం మీద ఆ... సరే, అది నీకు నేను చెప్పాలా.

నిన్ను పికప్ బండిలో పడుకోబెట్టి తుపాకీ తీశా. గుల్ల చీలి ఉంది. మెడ నుంచి అడుగుదాకా. "పూత గుల్ల కదా, పెళుసు, చీలిపోయింది" అన్నా. అప్పుడు నిజంగానే అనుకున్నాను బావా. ఆ ఒక్కటి నమ్ము. అది అన్నప్పుడు అబద్ధం కాదు. నువ్వు రక్తంలో తడుస్తూ తలూపావు. "నేనే తెచ్చుకున్నా" అన్నావు.

నాలుగు రోజుల తర్వాత, నువ్వింకా ఆసుపత్రిలో ఉన్నావు, నేను గొట్టం ఒంపాను. రైఫిల్ మందు సన్నటి పుల్లల్లా ఉంటుంది. పిస్టల్‌ది రేకులు. పుల్లల మధ్య రేకులు కనబడ్డాయి. అక్క దగ్గరికెళ్ళి నీ బెల్టు అడిగాను, పరీక్ష చేస్తానని. పాపం, తుడిచి మరీ ఇచ్చింది. మిగిలిన నాలుగు తూటాలూ ఊడదీశా. నాలుగింటిలోనూ రేకులే.

ఆ మందంతా పెరట్లో పచ్చిక మీద చల్లేశా. ఆ పై వేసవి అక్కడ మాత్రం గడ్డి ఇంత ఎత్తు పెరిగింది. వచ్చినవాళ్ళంతా ఏం ఎరువేశావు ఎమ్మెట్ అని అడిగేవాళ్ళు. నువ్వూ అడిగావు.

చెబుదామనుకున్నా. ఆసుపత్రి నుంచి రానీ అనుకున్నా. తర్వాత కట్టు విప్పనీ అనుకున్నా. తర్వాత నువ్వు తాడు విసిరి దూడని పట్టబోయి, ఒంటి కంటికి దూరం తెలీక మూడుసార్లు గాల్లోకి విసిరి, తాడు కంచె మీద వేసి ఇంట్లోకెళ్ళిపోయావు. ఇంకప్పుడేం చెబుతా? పంతొమ్మిదేళ్ళ వయసు నుంచి రోడియో పోటీల్లో తాడు పందేలు గెలిచిన మనిషివి. ఆ రోజు తర్వాత తాడు ముట్టుకోలేదు.

ఎందుకిప్పుడు అంటావు. అడుగు, నీకు ఆ హక్కుంది.

సోమవారం ఈ బల్ల దగ్గరికొచ్చా. గొట్టం సగం నిండి ఉంది. ఏ మందో తెలీలేదు. ఎప్పుడు పోశానో తెలీలేదు. వేళ్ళ మధ్య పెట్టి చూస్తే రేకులో పుల్లలో ఈ కళ్ళకి ఆనలేదు. బయట ఎండలోకి తీసుకెళ్ళి చూసుకోవాల్సొచ్చింది. మర్నాడు కెండ్రా ఫోన్. నువ్వు నింపినవి తప్ప ముట్టుకోనంటోంది.

చూపు ఆనట్లేదు, వేరేవాళ్ళ చేత నింపించుకో అని చెప్పెయ్యొచ్చు. అదీ నిజమే. నువ్వు సరేనని వెళ్ళిపోయేవాడివి. కానీ పిల్ల ఎక్కడికెళ్ళినా ఆ కథే చెబుతుంది. మా నాన్న మొండివాడు, మా మావయ్య జాగ్రత్తపరుడు అని. రేపు తన పిల్లలకీ అదే చెబుతుంది. నేను నింపను బావా. ఆ డబ్బా తీసుకుపో. కొట్లో కొనిపెట్టు. తెల్లవి దొరికితే తెల్లవే కొను, వాటికేం రోగం.

కాఫీ చల్లారింది. మార్చనా? వద్దా. సరే.

అక్కకి నువ్వు చెబుతావా, నేను రానా? నువ్వే చెప్పు. నన్ను చూస్తే బెల్టు తుడిచి ఇచ్చింది గుర్తొస్తుంది దానికి.

అలా చూడకు. తిట్టు, లేదా ఆ మీట పెట్టి కొట్టు.

ఇంకోటి ఉంది. ఇంత చెప్పాక దాన్నెందుకు దాచడం. నీ కన్ను పోయినందుకు ఏడ్చాను, అది నిజం. కానీ ఆ విందుల్లో నువ్వు నిన్ను తిట్టుకుంటుంటే బాధగా తల దించుకున్నాననే కదా అందరూ అనుకునేది? బాధ కాదు. నువ్వు తిట్టుకున్న ప్రతిసారీ నాకు గుండె మీద బరువు దిగినట్టుండేది. మనిషి ఇంకా నమ్ముతున్నాడులే అనుకునేవాణ్ణి. అందుకే ప్రతి విందుకీ వచ్చేవాణ్ణి బావా. నువ్వు చెప్పేదాకా ఉండి, విని, ఇంటికెళ్ళి హాయిగా పడుకునేవాణ్ణి.