ఎర్రగుట్ట వంపు కాడ

హలో… లాడ్లీ చెల్లె, నేనే, బాలస్వామిని.

ఆ… మంచిగనే ఉన్నం. మీ వదినె గుర్వమ్మ గూడ మంచిగనే ఉంది… లేదు, ఇంటికాడికెల్లి కాదు. ఊరు మీదికి వచ్చిన, బయటికెల్లి చేస్తున్న. నూరుద్దీన్ డ్యూటీ దిగిండా?

… తింటుండా? తిననియ్యి. తొందర పెట్టకు చెల్లె. నేను పట్టుకునే ఉంట.

…

నూరుద్దీన్?

… ఆ, తిన్న తిన్న. నువ్వు చెయ్యి కడుక్కున్నవా? … కడుక్కో ముందుగల.

…

ఇప్పుడిను. నిన్న పగలు మూడు గంటలకు నువ్వు రెడ్డు సిగ్నల్ దాటిచ్చినవ్.

… ఏ బండా? కంప్యూటర్ల బండి. మన ఇస్రాయేలు నడిపే కంప్యూటర్ సెంటర్ల.

… నవ్వు. నిన్న గూడ గిట్లనే నవ్వినవ్.

— ఆటనే. నేను కాదంటనా? నాలుగు కంప్యూటర్లకు వైరు కలిపి ఆడే రైలాట. ఒకలు పట్టాలెయ్యాలె, ఒకలు బండి నడపాలె, ఒకలు సిగ్నల్ చూస్కోవాలె. ‘మీసాలు నెరిసినంక పోరగాండ్ల ఆటలేంది’ అని గుర్వమ్మ గూడ తిట్టింది. నువ్వే గదా తోల్కపోయినవ్. ‘ఉస్తాద్, నౌకరి పోయిన సంది గోడలు చూస్కుంట కూసుంటున్నవ్, రా, మల్ల ఇంజనెక్కిస్త’ అన్నవ్.

ఎక్కిచ్చినవ్. నేను కాదంటలేను.

… లేదు, కోపం లేదు. కోపమైతే నిన్ననే తిడుదును గద. చాయ్ గూడ తాగకుంట లేచి వచ్చిన. ఎందుకు వచ్చిన్నో అడిగినవా?

… తలనొప్పి కాదు.

… ఇను జర. నడుమ మాట్లాడకు.

నువ్వు గా ఆటల ఏ లైనేసినవ్? … ఆ. మనదే. మనం తిరిగిన లైనే. ఎర్రగుట్ట స్టేషనేసినవ్. దానికి ముందు వాగు, వాగు మీద వంతెన. వంతెన దాటంగనే ఎడమకు గుట్ట, కుడికి వంపు. వంపుల హోమ్ సిగ్నల్, స్టేషన్ల జొచ్చే ముందలిది. ఆ కంపచెట్టు గూడ మర్చిపోలే నువ్వు. చూస్తే నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయ్. ‘నా అసిస్టెంటు నా కోసం ఏసిండు’ అని ఇస్రాయేలుకు చెప్పిన.

… చెప్పిన. అడుగు ఆయనను.

నన్ను ఎడమ కంప్యూటర్ ముందల కూసోపెట్టినవ్. నా కిటికీ. నువ్వు కుడి దిక్కు దాని ముందల కూసున్నవ్. నీ కిటికీ. ఒకటే ఇంజను, ఇద్దరం. ఆటల ఎవ్వరు అడగరు గానీ, నువ్వు ప్రతి సిగ్నల్‌కు చెయ్యి లేపి చెప్పుకుంట వచ్చినవ్. ‘గ్రీన్, ఉస్తాద్’ అని నువ్వు, ‘గ్రీన్’ అని నేను. ఇస్రాయేలు నవ్వలేదా? ‘సారూ, కంప్యూటర్‌కు చేతులు లేపుడు అక్కర్లే’ అనె.

… అలవాటు. ఔ. గదే చెప్తున్న. అలవాటే.

ఇస్రాయేలుకు తన గూడ్సు ముందుగల దాటియ్యాలని ఉండె. సిగ్నల్ చూస్కునేది ఆయననే, మనకు చెప్పకుంట ఎర్రగుట్ట హోమ్ సిగ్నల్ ఎర్రగ పెట్టి నీ పక్కకొచ్చి నిలబడ్డడు. వంతెన దాటినం. వంపు మొదలయింది. నా దిక్కు ఇంజను ముక్కే కనబడ్తది, ఇంకేం కనబడది. గాడ నేను నిన్నే చూడాలె, నీ నోరే ఇనాలె. చూసిన. నువ్వు చెయ్యి లేపినవ్.

ఏమన్నవ్?

…

నూరుద్దీన్, ఏమన్నవ్?

… ‘గ్రీన్’ అన్నవ్.

నీ కిటికీల రెడ్డు కనబడ్తుండె. పక్కన నిలబడ్డ ఇస్రాయేలుకు కనబడ్డది. గా సెంటర్ ఊడ్చే బిక్షమ్మకు కనబడ్డది, ‘ఎర్రగుంది గద సారూ’ అనె. నీకొక్కనికి కనబడలే. ఎందుకంటే నువ్వు చూడలే. గా వంపు కాడ నువ్వు సిగ్నల్ చూడవు. గా వంపొస్తే నీ నోరు గ్రీన్ అంటది.

… ఆట అనకు. ఆట అని ఇంకొకసారి అనకు.

… మనం ఇన్నేండ్లు తిరిగినం, గాడ ఎప్పుడన్న రెడ్డు చూసినమా? చూడలే. చిన్న స్టేషను, ఎదురొచ్చే బండి లేదు. ఎప్పుడు గ్రీనే. గందుకే నీ చెయ్యి దానంతటదే లేస్తది. నిన్న లేసింది. గూడ్సుకు తగిలిన గా దినం గూడ లేసింది.

…

ఇంటున్నవా?

… ఆ, ఇను.

గా దినం వాన. నీ దిక్కు అద్దం మీద నీళ్లు. ఏం కనబడకపోతే ‘కనబడ్తలేదు ఉస్తాద్’ అనాలె. గంతే గదా మన రివాజు. కనబడ్తలేదు అంటే నేను రెడ్డు లెక్కనే పట్టుకుంట, బండి ఆపుత. నేనే గదా నేర్పిచ్చిన నీకు, నువ్వు కొత్తగొచ్చిన నాడు. కనబడ్తలేదనుడు తప్పు కాదురా అని.

— నువ్వేం రాసిచ్చినవ్ ఎంక్వయిరీల? చెప్పు.

… నాకు గుర్తున్నది. నేను చెప్తా, తప్పుంటే దిద్దు. ‘నేను రెడ్డు అని రెండుసార్లు మొత్తుకున్న. డ్రైవర్‌కు కునుకు వట్టింది. నేనే లేచి బ్రేకు గుంజిన.’

… గంతేనా?

… సరే.

నేనేం జేసిన? నమ్మిన. నీ మాట నమ్మి నా చెవులను నమ్మలే. నా చెవులల్ల గ్రీన్ అనే ఉండె. నూరుద్దీన్ అబద్ధమాడడు, నాకే కునుకు వట్టిందేమో, కలల ఇన్ననేమో అనుకున్న. చెవుల దవాఖానకు పోయిన. డాక్టర్ చూసి ‘నీ చెవులకేం కాలే’ అన్నడు. ఇంటికొచ్చి గుర్వమ్మకు చెప్తే నమ్మలే. ఇప్పటికి గూడ నాతోని గట్టిగనే మాట్లాడ్తది. చెవిటోని ముందల మాట్లాడినట్టు.

… నవ్వొస్తలేదా ఇప్పుడు?

జీపు తోలుకుంట బతుకుదామంటే ఎవ్వడు స్టీరింగ్ ఇయ్యలే. ‘కునుకు డ్రైవర్’ అన్నరు. మిల్లు గేటు కాడ కూసుంటే లారీలోళ్లు పోంగ హారన్ కొట్టి, ‘లే, బాలస్వామీ, తెల్లారింది’ అంటరు. నీకు చెప్పిన గద గది. నువ్వేమన్నవ్? ‘ఇడిసిపెట్టు ఉస్తాద్, నోర్లకు తాళాలేస్తమా’ అన్నవ్.

ఔ. ఎయ్యలేం.

… నీకు శాలువ కప్పిన నాడు నేనొచ్చిన్నా లేదా? … వచ్చిన. ఎనక వరసల నిలబడి చప్పట్లు గొట్టిన. బ్రేకు గుంజి బండిల ఉన్నోళ్లను కాపాడిండు మా తమ్ముడు అని పక్కనోనికి చెప్పిన.

నిన్న నా చెయ్యి ఎక్కడ వొయ్యింది నూరుద్దీన్? నువ్వు గ్రీన్ అన్నవ్, వంపు తిరిగింది, రెడ్డు నా కండ్ల ముందలికొచ్చింది — ఎవ్వరు చెప్పకముందే నా చెయ్యి బ్రేకు మీటకు వొయ్యింది. గా దినం గూడ గట్లనే వొయ్యింది. నాకు నిన్న యాదికొచ్చింది. బ్రేకు హ్యాండిల్ సల్లగుండె. తడి చెయ్యి జారితే రెండో చెయ్యి గూడ ఏసిన. నువ్వు సీట్ల కూసోనే ఉన్నవ్. ‘యా అల్లా’ అన్నవ్. లేవలే.

నిద్రపోయినోడు బ్రేకు గుంజుతడా?

…

… లేదు. నీ నౌకరి తీపిచ్చేందుకు చేస్తలేను.

… నేను డ్రైవర్ని, నేను సొంతంగ చూడాలె, ఔ. గది నిజమే. నువ్వేమన్నా సరే, కండ్లతోని చూసేదాంక స్పీడు తగ్గించాలె. తగ్గించలే. గా తప్పు నాదే. ఎంక్వయిరీల గదే రాస్తే సంతకం పెడుదును. నౌకరి తీసేసినా ఊకుందును. కునుకు అని రాసిండ్రు. గది నాది కాదు.

… ఎల్లుండి పేషీ. అప్పీలు పెట్టుకున్న గద, పిలిచిండ్రు. ఇదే ఆఖరిదట. నువ్వొచ్చి ఒక్కమాట చెప్పు. గ్రీన్ అన్న అని.

…

… ఎందుకు రావు?

… నువ్వు ఇప్పుడు డ్రైవర్‌వు. తెల్సు. నిన్ను దించుతరు. ఏమో, దించకపోవచ్చు, దించొచ్చు. నేను ఫికర్ చెయ్యకు అని ఎట్ల అంట? అబద్ధమైతది.

… పిల్ల లగ్గం సంగతి నాకు తెల్వదా? మెహరాజ్‌ను ఎత్తుకోని తిరిగినోన్ని.

… ఆ? మల్ల చెప్పు.

…

మెల్లగ చెప్పు. లాడ్లీ ఇంటదనా? … సరే. బయటికి వొయ్యిందా? … చెప్పు.

…

ఊ.

…

ఊ.

… కనబడలే. అలవాటుగ అన్నవ్. గ్రీన్ అన్నవ్.

… అన్నవు గద. గా దినం అన్నవ్.

…

ఏడ్వకు. నేను ఏడ్వలే, నువ్వెందుకు ఏడుస్తున్నవ్?

… నాకు చెప్తే చాలదు తమ్మీ. నాకు నిన్ననే తెల్సింది.

… పేషీకి రావు. సరే. అర్థమైంది. కాళ్లు మొక్కుత అనకు. నువ్వు నా కాళ్లు మొక్కుడేంది?

ఇగో, కాళ్లు అన్నవు గనక చెప్తున్న. గూడ్సు గార్డు దుర్గయ్యకు రెండు కాళ్లుండె. మన బండి వొయ్యి తగిలినప్పుడు ఆయన గూడ్సు ఆఖరి డబ్బ, బ్రేక్‌వ్యాన్ మెట్టు మీద ఉండె. ఒక కాలు ఇంజనుకూ మెట్టుకూ నడుమ పడ్డది. నేను దవాఖానకు వొయ్యి, ఉన్న కాలు పట్టుకోని, ‘నిద్రపోయిన అన్నా, మాఫ్ చెయ్యి’ అన్న. నా నోటితోని నేనే అన్న. నువ్వు పక్కనే నిలబడ్డవ్. సంత్ర పండ్లు తెచ్చినవ్.

… ఔ, నువ్వే ఒలిచి పెట్టినవ్ ఆయనకు.

…

ఆయన నన్ను చూస్తే మొఖం తిప్పుకుంటడు. ఇంక గూడ తిప్పుకుంటడు. పొద్దున గూడ తిప్పుకున్నడు.

… పొద్దున అంటే పొద్దుననే. ఈ పొద్దున.

… ఎక్కడికెల్లి చేస్తున్న అంటే… ఆలంపూర్ కెల్లి.

… ఔ. దుర్గయ్య బూతే. కాలు పోయినోళ్లకు ఇచ్చే ఎస్‌టీడీ బూతు. గుళ్లు చూసేటోళ్లు వచ్చి ఫోన్లు చేస్కుంటున్నరు. నేను గూడ లైన్ల నిలబడి చేస్తున్న. మొదటి బస్సుకే వచ్చిన.

… లేదు, ఆయనకు ఇనబడ్తలేదు. అద్దం తలుపు ఏసి ఉంది. ఆయన బయట టేబుల్ కాడ కూసున్నడు. ఇటే చూస్తున్నడు. ఎవ్వనితోని ఇంతసేపు మాట్లాడ్తున్నడా అని.

… చెప్పలే. ఏం చెప్పలే ఆయనకు. నేను చెప్తే నమ్ముతడా? కునుకు డ్రైవర్ మాట.

… ఇను. పెట్టకు. నూరుద్దీన్, ఫోన్ పెట్టకు.

పేషీకి రాకు. నేను పిలవ. వాళ్లు ఏమన్నా రాసుకోనియ్యి, నౌకరి పోయేది పోయింది. ఒక్క పని చెయ్యి. ఇప్పుడు నాకు చెప్పిన మాట దుర్గయ్యకు చెప్పు. గంతే. ఆయన ఏ ఆఫీసుకు పోడు, ఎవ్వరికి చెప్పడు, నేను ఒట్టు తీస్కుంట. నీ నోటికెల్లి ఆయన చెవుల వడాలె. ‘బాలస్వామి నిద్రపోలే’ అను. గంతే. గ్రీన్ అన్న అని గూడ అనకు, పో.

…

అంటవా?

… ఊ అను.

… ఊ అన్నవ్ గద? పట్టుకో. తలుపు తీస్తున్న.

— దుర్గన్నా! జర ఇటు రా. కాదు కాదు, లేవకు, నేనే తెస్తున్న. వైరు అందుతది. … ఇగో, పట్టు. … నూరుద్దీన్. నా అసిస్టెంటు. నీతోని ఒక మాట చెప్తడట. … నాతోని మాట్లాడకు, ఆయనతోని మాట్లాడు. పట్టు అన్నా.

…

… ఏమంటుండు?

… హలో అన్నవా? … మల్ల అను.

… నీ పేరు చెప్పు. దుర్గయ్యను అని చెప్పు.

…

ఇటియ్యి అన్నా.

నూరుద్దీన్. … హలో. నూరుద్దీన్?

…

లైను మంచిగనే ఉంది అన్నా. వాన లేదు, ఏం లేదు.

పెట్టేసిండు.