చక్రానికి బొట్లు

హలో… ఆఁ, నేనే వదినా, ఉమని. చెప్పండి.

…

చక్రమా? చక్రం… బాగానే ఉంది వదినా. గుండ్రంగానే ఉంది.

అంటే… దాదాపు గుండ్రంగా.

అయ్యో, దాదాపు అంటే దాదాపే! ఒక్క నిమిషం ఆగండి, హాల్లో ఉన్నాను. మీ తమ్ముడు ఇక్కడే ఉన్నారు, చెవులు రెండూ ఇటే వేసి. వంటింట్లోకి వెళ్తున్నా… ఏమండీ, మీ అక్కయ్యగారే! చక్రం గురించి కాదు లెండి, గోంగూర పచ్చడి గురించి!

ఆ, తలుపు వేసేశాను. ఇప్పుడు చెప్పండి.

— తెలుసు వదినా. రేపు తెల్లారకముందే అవనిగడ్డలో బయల్దేరాలి… మీ స్కూలు టీచరమ్మలందరూ కలిసి సైకిళ్ళ మీద పాలకాయతిప్ప సముద్రం దాకా… తెలుసు. ముందు చక్రం లేకుండా సైకిల్ కదలదు, అదీ తెలుసు.

అబ్బే, నవ్వడం లేదు. దగ్గు.

సరే, నవ్వుతున్నాను. మీరు ఏడవనంటే జరిగింది చెబుతాను. ఒట్టు వేయండి… దేవుడి మీద ఎందుకు, అన్నయ్యగారి మీసం మీద వేయండి! పందెంలో ఉన్నది అదేగా.

మరి! చల్లపల్లి పెళ్ళిలో పంక్తిలో కూర్చుని, చేతిలో బూరె పట్టుకుని, అంతమంది ముందు అన్నారుగా… 'మా సాయిదుర్గ పాలకాయతిప్ప దాకా సైకిల్ తొక్కిందంటే నేను మీసం తీయించుకుంటా' అని. నెయ్యి గిన్నె నా చేతిలోనే ఉంది వదినా, నేనే వడ్డిస్తున్నా. మీరేమో మంచినీళ్ళ గ్లాసు ఠక్కున కింద పెట్టి, 'తొక్కలేకపోతే సైకిల్ పాలు పోసే అతనికి ఇచ్చేసి, ఇంక జన్మలో ఎక్కను' అన్నారు. అందరూ చప్పట్లు. నాకు మాత్రం గుండె జారిపోయింది. శోభనాద్రి అన్నయ్యగారంటే మాటలా, ఆ మీసం చూసే కదా మా అత్తయ్యగారు మిమ్మల్ని ఇచ్చింది!

— ఆ ఆ, అసలు విషయానికే వస్తున్నా. తొందరపడితే ఎలా?

ఆ కరకట్ట మీద గొయ్యి ఒకటి దాపురించింది మీ ప్రాణానికి. అందులో పడితే పడ్డారు, చక్రం వంకరపోతే పోయింది, అవనిగడ్డలో ఏ సైకిల్ షాపులో ఇచ్చినా బెండు తీసి ఇచ్చేసేవాళ్ళు. తమ్ముడి మాట విని బందరు బస్సులో మా ఇంటికి వేశారు చూడండి, అక్కడ పడింది అసలు గోతిలో.

కాదా మరి? 'షాపువాళ్ళు సుత్తి పెట్టి కొడతారక్కా, నేను స్టాండే కొన్నాను, ఇంట్లోనే తీసేస్తా' అన్నారా లేదా? నా పక్కనే నిలబడి అన్నారు. కాలేజీలో ఫిజిక్స్ చెప్పినట్టే చెప్పారు.

— స్టాండా? అబ్బో, దాని వైభవం చెప్పాలి. ఇనప స్టాండు. మా భోజనాల బల్లకి బిగించేశారు, మేం కింద చాప వేసుకుని తింటున్నాం. దానికి రెండు చేతులు, మధ్యలో చక్రం పెట్టి తిప్పుతారు. పక్కన ఓ ముల్లు ఉంటుంది. రిమ్ము ఎక్కడ వంగితే అక్కడ ముల్లుకి గీక్కుంటుంది… గీక్… గీక్… నా పళ్ళు జివ్వుమంటున్నాయి వదినా.

ఆ, అప్పుడు పుల్ల, అదే స్పోకు, బిగించాలట. రిమ్ము ఎడమకి పోతే కుడిపక్క పుల్ల, కుడికి పోతే ఎడమపక్క పుల్ల. సంసారమే అనుకోండి. కాకపోతే ఒక్కసారికి పావు తిప్పే తిప్పాలట. మీ తమ్ముడికి పావులెక్కడ తెలుసు? చారులో ఉప్పు వేయమంటేనే గుప్పెడు వేస్తారు.

— తీశారు, తీశారు! మొదట్లో బాగానే తీశారు. ఒట్టు. మూడే మూడు చోట్ల మిగిలాయి వంకరలు. అవీ ఒకే పక్క. ఇంతలో కరెంటు పోయింది, మర్నాడు చేద్దామని ఆ మూడు చోట్లా గుర్తు పెట్టుకున్నారు.

దేంతో పెట్టారో అడగండి.

…

చాక్‌పీస్ కాదు. అది చెయ్యి తగిలితే చెరిగిపోతుందట. నా స్టిక్కర్ బొట్లు వదినా! అద్దం మీద ఉన్నవి పీకి తీసుకెళ్ళి రిమ్ముకి అంటించారు. నాతో ఒక్క మాట చెబితేనా! నేను తెల్లారి లేచి, నా ఎర్ర బొట్లు ఎవరెత్తుకెళ్ళారా అని వెతుక్కుంటున్నాను.

మర్నాడు శుక్రవారం… అదిగో, మీకు అర్థమైపోతోంది. అవును, మీ అమ్మగారే.

అత్తయ్యగారు తలంటి పోసుకుని, గడపలకి పసుపు రాసి, హాల్లోకి వచ్చి చూశారు. కొత్త స్టాండు. దానికి చక్రం. చక్రానికి బొట్లు! కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు వదినా. మా వాడికి ఇన్నాళ్ళకి భక్తి కుదిరింది, ఇంట్లోకి ఇనుము వస్తే బొట్టు పెట్టాడు అని. ఆ తర్వాత కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశారు. 'ఇదేవిటే ఉమా, మూడు బొట్లూ ఒక పక్కనే పెట్టి మిగతాదంతా బోసిగా వదిలేశాడు? కొత్త వస్తువుకి అరకొరగా పెడితే అరిష్టం కదే!' అన్నారు.

ఇంకేముంది? చుట్టూ పెట్టేశారు.

— ఎవరిచ్చారంటే… నేనే ఇచ్చాను. పెద్దావిడ అడిగితే లేదంటానా? నిండు ప్యాకెట్ ఇచ్చాను. అవి గుర్తులని నాకేమైనా కల వచ్చిందా! నేనూ పూజే అనుకున్నాను. అగరొత్తి కూడా వెలిగించి ఇచ్చాను.

ఎంత ముచ్చటగా పెట్టారో తెలుసా! బెత్తెడుకొకటి చొప్పున, ఎక్కడా వంకర లేకుండా. మొత్తం చక్రంలో తిన్నగా ఉన్నవి ఆ బొట్లే ఇప్పుడు.

— ఆ, సాయంత్రం వచ్చారు మీ తమ్ముడు. టీ కూడా తాగలేదు. చక్రం చూసి, 'అమ్మో, రాత్రి ఇన్ని చోట్ల గుర్తు పెట్టానా! అక్క ఎంత గోతిలో పడిందో పాపం' అని స్పోక్ కీ తీసి మొదలెట్టారు. ప్రతి బొట్టుకీ ఓ పుల్ల. వదిలింది లేదు. మీ అమ్మగారేమో గుమ్మంలో నిలబడి, కొడుకు ఒక్కో బొట్టూ ముట్టుకుంటుంటే దణ్ణం పెట్టుకుంటున్నారు!

లేదు, ఆయనకి ఇప్పటికీ తెలీదు. చెప్పలేదు నేను. చెబితే తల్లీకొడుకులకి గొడవవుతుంది, మధ్యలో ప్యాకెట్ ఇచ్చిన పాపం నాది.

— ఇప్పుడెలా ఉందంటే… కాగిన నూనెలో అప్పడం వేయగానే ఎలా లేస్తుంది? అలా ఉంది.

వదినా?

వదినా, లైన్లో ఉన్నారా?

…

ఏడవనని ఒట్టేశారు. అన్నయ్యగారి మీసం ఏమైపోవాలి?

…

ఛ ఛ, సరదాకి అన్నాను వదినా. ఊరుకోండి. నాకు తెలీదా? పందెం ఒక్కటే అయితే మీరింత బాధపడతారా? అత్తయ్యగారు చెబుతూనే ఉంటారు… చిలకలపూడి నుంచి కాలేజీకి మీరు సైకిల్ మీదే వెళ్ళేవారట, ఈయన్ని వెనక కూర్చోబెట్టుకుని. పెళ్ళయ్యాక మీ అత్తవారు మా కోడలు సైకిలెక్కడమేంటి అన్నారు, మీరు దిగిపోయారు. మళ్ళీ ఎక్కడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఇప్పుడు దిగితే ఇంక ఎక్కనివ్వరు. అంతేగా?

ఏం కాదు. మీరు రేపు సముద్రం చూడాల్సిందే. నాకు సైకిల్ తొక్కడం రాదు గానీ వదినా, మీరు తొక్కుతుంటే నేను తొక్కినంత సంబరంగా ఉంటుంది.

ఇటు వినండి. మీ ఇద్దరివీ ఒకే రకం సైకిళ్ళు కదా? ఒకే రోజు, ఒకే షాపులో కొన్నారు కదా? ఆయన సైకిల్ ముందు వరండాలో దుప్పటి కప్పుకుని హాయిగా నిద్రపోతోంది. ముందు చక్రం విప్పేస్తాను, ఆఖరి బస్సులో వేసేస్తాను. ఆయన ఆ అప్పడాన్ని తిప్పుకుంటూ కూర్చుంటారు, తెలిసేసరికి మీరు కోడూరు దాటేసి ఉంటారు!

— తిడితే తిట్టనివ్వండి. తిట్లకి చిల్లులు పడతాయా? ఫోన్ పెట్టేయకండి, పెరటి వైపు నుంచి వెళ్తున్నా… గుసగుసగా మాట్లాడతాను… అత్తయ్యగారు టీవీ చూస్తున్నారు… ఆ, వచ్చేశాను. దుప్పటి ఎత్తుతున్నా…

అమ్మ బాబోయ్!

వదినా, ముందు చక్రం లేదు! సైకిల్ ఇటుకల మీద ఉంది! దొంగలు పడ్డారు మా ఇంట్లో! ఏమండీ! ఏమండోయ్! మీ సైకిల్‌కి…

ఏంటి, అరవద్దంటారేంటి?

…

మీరే విప్పారా? ఎప్పుడు?

ఉండండి వదినా, ఏదో నసుగుతున్నారు… ఇవాళ పొద్దున కాలేజీకి వెళ్తూ… గోనెసంచిలో చుట్టి… అవనిగడ్డ బస్సులో… మీకే పంపారట! తన చక్రం! నేను వేసిన ఎత్తు ఈయన పొద్దున్నే వేసేశారు.

అయితే ఆ వంకరదాన్ని ఇందాకటి నుంచీ ఎందుకు తిప్పుతున్నారండీ, మా పళ్ళు జివ్వుమనేలా? … గట్టిగా చెప్పండి, అక్కయ్యగారు వింటున్నారు… నాకు చేతకాలేదని నోటితో ఎలా చెప్పను, అంటున్నారు వదినా. 'నన్ను నమ్మే అక్క షాపులో ఇవ్వలేదు, నా వల్ల అక్క ఓడిపోకూడదు' అంటున్నారు.

చూశారా! ఇంత మంచి మనిషిని పట్టుకుని ఇంతసేపు ఆడిపోసుకున్నాను. నా నోరు పడ. లోపలికి పదండి, టీ పెడతాను… ఆయనతో అంటున్నా వదినా.

— ఏంటీ? అందలేదా?

పొద్దున వేస్తే మధ్యాహ్నానికే రావాలిగా! ఏమండీ, అక్కయ్యగారికి అందలేదట. కండక్టర్‌కి ఎవరి పేరు చెప్పారు?

…

బావగారి పేరా!

వదినా, మీ తమ్ముడు దొంగ చేతికి తాళాలు ఇచ్చొచ్చారు! … ఏమంటున్నారండీ? ఆడమనిషి బస్టాండ్ దాకా ఎందుకని బావగారికి ఫోన్ చేసి చెప్పారా? బాగుంది! మీ అక్క సముద్రం దాకా తొక్కాలి గానీ బస్టాండ్ దాకా నడవకూడదా?

వదినా, అన్నయ్యగారు ఇవాళ బస్టాండ్ వైపు వెళ్ళారా? … మధ్యాహ్నం భోంచేసి… ఎరువులు చూసొస్తానని… తెచ్చారా ఎరువులు? … ఉత్త చేతులతో వచ్చారా? నవ్వుకుంటూనా?

హమ్మ హమ్మ!

గొంతు పెంచకండి. ఇప్పుడెక్కడున్నారాయన? … పడగ్గదిలోనా. మంచిది, అక్కడే ఉండనివ్వండి. మీరు ఫోన్ చెవిన పెట్టుకునే వెతకండి. ధాన్యం గది? … బస్తాల వెనక కూడా చూశారా? … అటక మీద? … మోటారు షెడ్డు? … లేదూ.

మీరు ఎన్నడూ తెరవనిది ఏముంది వదినా ఆ ఇంట్లో? ఆయన ఎవర్నీ ముట్టుకోనివ్వనిది?

…

కారు! డిక్కీ తెరవండి! తాళాలు ఎక్కడ పెడతారు? … చొక్కా జేబులోనా? చొక్కా ఎక్కడుంది… వసారాలో వంకీకే ఉంటే ఇంకేం, తీసుకోండి. నెమ్మదిగా. గాజులు వెనక్కి తోసుకోండి, చప్పుడవుతాయి.

…

…

ఉందా! ఏమండీ, ఉందట! డిక్కీలో, పట్టా కింద, గోనెసంచితో సహా!

విప్పండి. ఇరుసు పట్టుకుని గాలిలో తిప్పండి… ఊగుతోందా? … అస్సలు ఊగట్లేదా? అమ్మయ్య! బతికించారు. మీ తమ్ముడు ఇక్కడ గోడకి చేరబడి కళ్ళు తుడుచుకుంటున్నారు, చెమటట. ఏమండీ, బిగించడం ఎలాగో అక్కకి చెప్పండి… అక్కర్లేదా? వచ్చా మీకు? ఆయన కంటే నయం! … ఈ మాట ఆయనకి వినపడలేదు లెండి.

ఇప్పుడే వద్దు వదినా. డిక్కీ మూసేసి తాళాలు జేబులో వేసేయండి, చక్రం మాత్రం పక్కింట్లో పెట్టి రండి. అన్నయ్యగారు పడుకున్నాక బిగించుకుందురు గాని.

అవునూ, ఇంతకీ ఆయన గదిలో ఇంతసేపు ఏం చేస్తున్నారు? తలుపు సందులోంచి చూడండి.

…

అద్దం ముందా?

మీసానికి నూనె రాసి… దువ్వుకుంటూ… మెలేస్తూ… ఈల కూడా వేస్తున్నారా!

వద్దు వదినా, మీరేం అనకండి. దువ్వుకోనివ్వండి పాపం. ఈ పూటకే కదా.

ఉంటాను.