సుందరం గుండెలో నాపరాయి

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో ఏది ముందో ఏది వెనకో నేను తారుమారు చేసి ఉండొచ్చు. పలక ముందు వచ్చిందో, కరెంటు ముందు పోయిందో ఇప్పుడు గట్టిగా చెప్పలేను. ఈమధ్య పొయ్యి మీద పాలు పెట్టి, ఎందుకు పెట్టానా అని నిలబడిపోతున్నాను. అందుకే అన్నీ నోటు పుస్తకంలో రాసుకుంటున్నాను. ఆ పుస్తకం సంగతి తర్వాత వస్తుంది.

సుందరం మా చెల్లెలు ప్రసన్నకుమారి మొగుడు. బేతంచెర్లలో నాపరాళ్ల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు కోత మిషన్ మీద పనిచేశాడు. పోయిన ఏడాది కర్నూల్లో అతని గుండెకు వైద్యం జరిగింది. రక్తనాళంలో సున్నం పేరుకుని రాయిలా గట్టిపడితే, బెలూను పెట్టినా విచ్చుకోలేదట. వెంట్రుకలాంటి తీగ మీద వజ్రపు పొడి అద్దిన చిన్న బొడిపెను పంపి, గిరగిరా తిప్పి, అరగదీసి, అప్పుడు స్టెంటు వేశారు.

ఇప్పుడు అదే వైద్యం శేషన్నకు చేయాలన్నారు. ఫ్యాక్టరీలో సుందరం పక్క మిషన్ అతనిదే. సోమవారం రమ్మంటే పోనని మొండికేశాడు. ఆదివారం మా అరుగు మీద టీ తాగుతూ కూడా అదే మాట.

"పలకకు డ్రిల్లు పెడితే ఏమైతాదో నాకు తెల్దా? ఈ చేతుల్తోనే ఎన్ని పగలగొట్టింటా! అది గుండెకాయలో పెట్టించుకోవాల్నా?"

"పగిలేది చేతకానోని చేతిలో," అంటూ సుందరం కాళ్లు మడుచుకున్నాడు. అంటే మొదలుపెట్టినట్టే.

"నన్ను బల్ల మీద పండుకోబెట్టినారు. మత్తు ల్యా, మెలకువే. మణికట్టు కాడ గుచ్చి తీగ పంపినారు. నేను నిబ్బరంగా టీవీలో నా గుండె నేనే చూసుకుంటా ఉండా. డాక్టరు మిషన్ తిప్పె. ఆ శబ్దం ఇంటానే తెలిసిపాయ నాకు, వాటంగా ల్యా అని. 'సార్, నొక్కద్దు, నొక్కితే రాయి మొండికేస్తాది. అట్ల ఆనించు, ఇట్ల వెనక్కి తియ్యి. నీళ్లు ఆపొద్దు' అంటి. ఆయప్ప నా మొగం చూసి, 'మీరు యాడ చదివినారండీ' అన్యాడు."

"నువ్వేమంటివి?" అన్నాడు ఓబులేష్. పలకలు తోలే లారీ డ్రైవరు, నవ్వు దాచుకోవడం రాదు.

"బేతంచెర్లలో అంటి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ మిషన్‌కు కాలి కింద పెడలు ఉంటాది. నిమిషానికి లచ్చన్నర సుట్లు. తొక్కి తొక్కి డాక్టరుకు కాలు తిమ్మిరెక్కె. 'సుందరం గారూ, మీరు కొంచెం పట్టండి' అన్యాడు. పండుకున్నోన్ని పండుకున్నట్టే కాలు సాచి బొటనేలితో తొక్కితి. మూడు లచ్చలు దాటె! కర్నూలంతా కరెంటు పాయ."

"మిషన్ ఆగిపాయనా?"

"యాడ ఆగుతాది? నా గుండే దాన్ని తిప్పుతాండాది కదప్పా. పక్క గదిలో ఇంకో ఇద్దరికి నా కరెంటుతోనే చేసుకున్యారు."

"మరి లోపలి రాయేమాయ?"

"పొడి చేస్తామన్యారు. అంత మంచి రాయిని పొడి చేస్తారా యాడన్నా? పలకగా తియ్యి సార్ అంటి. తీసినాడు. రెండడుగులకు రెండడుగులు, మచ్చ ల్యా, మొగం చూసుకోవచ్చు. ఒకటి కాదు, వస్తానే ఉండాయి."

"మణికట్టులోంచి రెండడుగుల పలకా?"

"అడ్డంగా తీస్తే రాదప్పా, ఏటవాలుగా తీస్తిమి. పొద్దు గుంకేలోగా వ్యాగన్ నిండె. రైలు గంటసేపు ఆపి ఎక్కించిరి, ఒంటిమిట్టకు పోయే జనమంతా దిగొచ్చి చూసి పోయిరి. మన చర్చిలో పాస్టరు నిలబడే తావులో ఉండేది నా గుండె పలకే!"

"పాపం, ఆయప్ప నీ గుండె మీద నిలబడి వాక్యం చెప్తాండాడా!" ఓబులేష్ నవ్వుకు టీ ఒలికింది.

శేషన్న మాత్రం నవ్వలేదు. గ్లాసు కింద పెట్టాడు. "నీకు శానా ధైర్యం సుందరప్పా. నాకు సూది చూస్తేనే చెమట్లు. ఆ వైద్యం నీలాంటోల్లకే. నేను పోను." చెప్పుల కోసం లేచాడు.

సుందరం మొహం వాడిపోయింది. అయినా నోరు ఊరుకోదు కదా. "అబద్ధమనుకుంటివా? మా వదిన ఆ పొద్దు ఆడనే ఉన్యాది, అడుగు. ఏం వదినా?"

నేను మర్చిపోయి ఉంటానని అతని ధీమా.

లోపలికి వెళ్లి నోటు పుస్తకం తెచ్చాను. ఆరోజు నర్సు బయటికొచ్చి చెప్పింది చెప్పినట్టు, తలుపు దగ్గరే నిలబడి రాసుకున్నాను. అద్దాలు పెట్టుకుని చదివాను.

"సూదికి ముందే ఏడ్చాడు. మిషన్ శబ్దం వినగానే, నీళ్లు లేకుండా తిప్పుతున్నారు, పలక కాలిపోతుంది, నీళ్లు నీళ్లు అని అరిచాడు. నీళ్లు పోతూనే ఉన్నాయి తాతా, కదలొద్దు అని నర్సు తన చెయ్యి పట్టుకోనిచ్చింది. అయిపోయేదాకా వదల్లేదు. ఆ పిల్ల వేళ్లు వాచాయి. రాయి పొడై రక్తంలో కలిసిపోయిందట, బయటికి ఏమీ రాలేదు. లేవగానే ఇడ్లీ అడిగాడు."

సుందరం గ్లాసు అడుగున ఏదో వెతుక్కున్నాడు. శేషన్న మళ్లీ కూర్చున్నాడు.

"ఏడిస్తివా?"

"కొంచెం."

"నీళ్లని అరిస్తివా?"

"ఎండు బ్లేడు తిప్పుతాంటే నువ్వైతే ఊరుకుంటావా?"

"ఊరుకోను," అన్నాడు శేషన్న. "అంత ఏడ్చినోనివి, నువ్వే బతికొస్తివి." నా వైపు తిరిగాడు. "అక్కా, రేపు నువ్వు నాతో రా. ఆ పుస్తకం మాత్రం ఈడనే పెట్టి రా."

మహిమా, మీ నాన్న సుందరం చూసేలోపు ఇది ఒకసారి చదివి పేర్లు సరిచూడమ్మా. లారీ అతను ఓబులేషా, ఉమామహేశా? ఆ నర్సు తనూజా, ఆరాధనా? రెండు వైద్యాలప్పుడూ ఆ పిల్లే ఉంది. శేషన్నకు మాత్రం రెండో చెయ్యి ఇచ్చిందట.