సౌండ్స్ గుడ్ అని వచ్చిన

హలో… ఆ, నేనే. మీ రవీందర్ బాబాయినే. నా ఫోను ఇంకెవరెత్తుతరు బిడ్డా?

…అయిపోయింది. ఇప్పుడే కిందికొచ్చిన. రిసెప్షన్ కాడ సోఫాల కూసున్న. కాళ్ళు గుంజుతున్నయ్.

…చెప్త, మొదటికెల్లి చెప్త. పొద్దున పోయేటప్పుడు నా చేతిల ఏమున్నది? మనం కుట్టిచ్చే హౌస్‌కీపింగోళ్ళ యూనిఫాం ఒకటి, శాంపిలుకు. ఇంక నువ్వు ఆఫీసు క్యాబ్‌ల పోవుకుంట ఫోన్ల నేర్పిన ఇంగ్లీషు మాటల జతలు. గంతే సరుకు.

…భయం గాదు హర్షిణీ, అలుపు. ఈ కంపెనీల పాత మేనేజరుతోని ఇన్నేండ్లు తెలుగుల, హిందీల నడిచింది. కొత్తగొచ్చిన ఈ కృష్ణప్రియ మేడానికి రెండూ రావు. ఈ వయసుల మళ్ళ బడికి పోయినట్టున్నది నాకు.

…లే, లే, ఒక్కటి తప్పు పోలే. 'మేక్ ఎ డెసిషన్', 'మీట్ ద డెడ్‌లైన్', 'హై క్వాలిటీ'… జతకు జత అప్పజెప్పిన. మనకు ఎండ కొడ్తది, చలి పెడ్తది, 'చలి కొడ్తది' అంటే నవ్వుతరు అన్నవు సూడు… ఆడికెల్లి పట్టువడ్డది నాకు. ఏ మాట దేని పక్కన నిలవడ్తదో.

…ఆ, మెచ్చుకున్నది. "యువర్ ఇంగ్లిష్ ఈజ్ వెరీ గుడ్, మిస్టర్ రవీందర్" అన్నది.

…ఎహె, సంబురపడకు. ఆడికెల్లే తిప్పలు. నాకు బాగ వస్తదనుకొని ఇగ రైలు లెక్క అందుకున్నది. నాలుగు మాటలకు ఒకటి దొరికింది. మొఖం మీద నవ్వొకటి పెట్టుకొని కూసున్న.

…అడగాలె, నిజమే. గంత మంచిగ మాట్లాడినోడు మళ్ళ 'ఏందన్నరు మేడం' అని ఎట్లడుగుతడు? ఇజ్జత్ పోదా?

…కాంట్రాక్టా? ఇంకో ఏడాదికి ఖాయమే. లేసి చెయ్యి గూడ ఇచ్చింది. "థాంక్యూ ఫర్ ఎవ్రీథింగ్" అన్నది.

…ఏంది, గట్ల నసుగుతవు? థాంక్యూ అనొద్దా?

…సరిగ్గ ఏమన్నదంటే… ఆగు. కొత్త ఏడాది గురించి ఏదో చెప్పి, "వి హావ్ డిసైడెడ్ టు పార్ట్ వేస్" అన్నది.

…పార్ట్ వేస్. పార్ట్ అంటే భాగం గదా? పక్క బిల్డింగుల గూడ మనకు భాగమిస్తరనుకున్న.

…నేనా? "సౌండ్స్ గుడ్" అన్న. …"ఐ ఫుల్లీ అండర్‌స్టాండ్" అని గూడ అన్న. ఈ రెండు ఏడన్న పనికొస్తయని నువ్వే చెప్తివి.

…ఏంది హర్షిణీ, గట్ల అరుస్తవు?

…మెల్లగ చెప్పు.

…ఎవరి దారి వాళ్ళది.

…అంటే మనం ఇగ వద్దనా?

ఆ, సమజైంది.

ఆమె మర్యాదగ నన్ను తీసేస్తుంటే నేను పండ్లికిలించి, బాగుంది బాగుంది అన్ననా? అందుకేనా నేనట్లనంగనే ఆమె మొఖం అదో తీరుగయింది…

…నీ తప్పేంలేదు, ఊకో. మాటలు మంచియే. నేనే—

అయ్యో, నవనీత! లిఫ్టులకెల్లే నవనీతకు ఫోన్ చేసిన, బట్ట కొయ్యుమని. …ఆ, మదీనాగూడల మన కుట్టు షెడ్డుల. ఏడాది సరుకంత ఆడనే ఉన్నది. తాను తానుగ ఉంటే దుకాణపాయన వాపస్ తీసుకుంటడు. కత్తెర పడ్డదా, ముట్టడు. ఆ ఆకుపచ్చ రంగు ఇంకే కంపెనోళ్ళు తొడుగుతరు? నీ దగ్గర ఆఫీసు ఫోనున్నది గద, దాంతోని చెయ్యి ఆమెకు. ఆపమను.

…నేనా? పైకి పోనిస్తరో లేదో మళ్ళ… ఆగు, మేడమే కిందికొస్తున్నది, భోజనానికేమో. పెట్టకు. జేబుల ఏస్త, లైన్ల ఉండు.

మేడం! ఎక్స్‌క్యూజ్ మి… వన్ మినిట్. …నో మేడం, నాట్ ఓకే. ఐ సే సౌండ్స్ గుడ్. రాంగ్. ఐ నాట్ అండర్‌స్టాండ్. పార్ట్ వేస్, ఐ థింక్ మోర్ వర్క్. …యెస్. మోర్ వర్క్. …ప్లీజ్, స్లో.

…హెడ్ ఆఫీస్. …ఆల్ సిటీస్, వన్ సప్లయర్. …ఓకే. నాట్ యువర్ హ్యాండ్.

మేడం, క్లాత్ కటింగ్ స్టార్ట్. యువర్ కలర్. నోబడీ బై. …కట్ క్లాత్ ఓన్లీ, మేడం. నాట్ కట్, నో నీడ్. …యు విల్ టేక్? …మెయిల్? టుడే? …థాంక్యూ మేడం.

హలో… ఇన్నవా? …ఆ, జతలన్నీ ఊడిపోయినయ్. ఒంటి ఒంటి మాటలే మిగిలినయ్. గాని ఈసారి ఆమె మెల్లగ చెప్పింది, చేతులు తిప్పుకుంట. మొత్తం సమజైంది. అన్ని ఊర్లకు ఒక్కడే సప్లయరంట, హెడ్ ఆఫీసోళ్ళ హుకుం. ఈమెదేం నడ్వది. కోసిన బట్ట మటుకు కుట్టిస్తె తీసుకుంటరంట. మెయిల్ పెడ్తది.

నవనీత ఏమన్నది? …ఎత్తలేదా? మిషన్ల సప్పుడుల ఇనవడదు ఆమెకు. అంటే ఇంకా కోస్తనే ఉంటది.

…ఏందీ? కొయ్యనియ్యిమంటవా? మొత్తం కోపిచ్చి మొత్తం అంటగట్టుమంటవా? నన్ను మించిపోయినవు గద బిడ్డా! నాకు రాలేదనుకున్నవా ఆ ఆలోచన? ఆమె ఎదురుంగ నిలవడి ఉండంగనే వచ్చింది. గాని రేపు ఇంకో కంపెనీకి పోతే, నా గురించి ఫోన్ చేసి అడిగేది ఈమెనే. ఎత్తేదాంక చెయ్యి. కోసినకాడికి చాలు.

…ఇగ లెక్కంటవా? పోయింది ఏడాది పని. వచ్చింది కోసిన బట్ట మీద కుట్టు. నవనీతోళ్ళకు ఈ నెల మిషన్లు ఆగవు. ఆ తర్వాత చందానగర్ దవాఖానోళ్ళను పోయి అడగాలె. తెలుగుల.

ఇంకొకటున్నది. పోయేటప్పుడు మేడం "కీప్ ఇన్ టచ్" అన్నది.

…లే. నేనేం అనలే. నిన్ను అడిగినంకనే అందామని నోరు మూసుకున్న. అదంటే పని ఉన్నట్టా, లేనట్టా?

…ఊఁ. ఉత్త మర్యాద మాటనా.

…నేను గూడ గట్లనే అనుకున్న. పెడ్తున్న బిడ్డా.