మాటకు ఎనిమిది

అగో, మళ్ల గా ఎనిమిది మీదనే వేలు పెట్టినవ్! నాకు కనవడ్తలేదనుకున్నవా? కనవడ్తుంది క్రాంతీ. రాయ. రాయనంటే రాయ. పెన్ను నా చేతిల ఉన్నది గదా, ఏం జేస్తవో చెయ్యి.

కండ్లు ఉరుమకు. నాలుగింటికి నీ ఆట దోస్తులు విహారి, మేధ వస్తరు. ఆట బల్ల మీద పరుస్తరు. అప్పటికల్ల నీ కొత్త మనిషి తయారుండాలె అని విహారి చెప్పిపోయిండు. పొద్దుగాల సంది గిదే పంచాయితీ మనకు. పొయ్యి మీద పప్పు మాడిపాయె.

ఏందీ, నాకు ఆట తెల్వదంటవా? గట్ల మూతి తిప్పకు. ఐతారం ఐతారం మీ అందరికి చాయ్ పోసిందెవరు? అన్నీ విన్న నేను. విహారి కథ నడిపిస్తడు, మీరు కథల తలా ఒక మనిషి అయితరు, పాచికలేస్తరు. ఆ మనిషికి ఆరు గుణాలు. బలం, చురుకు, ఓర్పు, తెలివి, వివేకం, మాట. పంచుకోనీకి ఇచ్చేదేమో పిడికెడు. ఒక తాన ఎక్కువ పోస్తే ఇంకో తాన తీయాలె. ఎంత తీసినా ఎనిమిది కన్న కిందికి పోనియ్యరు. అంటే ఎనిమిదంటే అడుగు! గా అడుగుల నీ మాటను పడేస్తవా?

బలం పదిహేను, ఓర్పు పదిహేను, వివేకం పదిహేను. కానియ్యి, వద్దన్ననా? మిగిలిన మూడింటికి ఎనిమిదే. ఈటె పట్టుకొని దర్వాజ కాడ నిలబడే కావలోడు! నువ్వు!

పాత మనిషి యాదికున్నడా? పాటగాడు. మాట పద్దెనిమిది, బలం ఎనిమిది. గాలి కొడ్తే పడిపోతడని మేధ ఎంత నవ్వేది! గానీ వంతెన కాడ రాక్షసుడు దారి ఆపినప్పుడు ఏమాయె? నువ్వు వానితోని ముచ్చట పెట్టి, వాని తల్లిని యాది చేసి, వాన్ని ఏడిపిచ్చి, అందర్ని వంతెన దాటిచ్చినవ్. నేను వంటింట్ల గంటె పట్టుకొని అట్లనే నిలబడ్డ ఇనుకుంట. చాయ్ పొంగింది.

అబ్బ, ఏం గొంతయ్యా నీది! పరాయి భాష హీరో ఎవడొచ్చినా తెలుగుల నీ గొంతే ఉండె. జూబ్లీహిల్స్ల ఏ డబ్బింగు థియేటరుకు పోయినా కుర్చీ ఏసేటోళ్లు నీకు. నేనేంది? గుంపుల గొంతును. "పట్టుకోండి, కొట్టండి" తప్ప నాకు సొంతంగ ఒక్క డైలాగు లేదు. అద్దం అవతల నువ్వు మైకు ముంగట నిలబడ్తే నేను ఇంటికి పోవుడు మర్చిపోయేది. గట్లనే పడ్డ నీకు. గిప్పుడు దాచేదేముంది?

మళ్ల ఒకనాడు పొద్దుగాల పక్షవాతమొచ్చి అన్నీ గుంజుకపోయె. చెయ్యి జర జర వస్తుంది. మాట రాలే. "ఫికర్ చెయ్యకమ్మా, వస్తది" అంటడు డాక్టరు. ఆయనకేంది, అంటడు.

సరే, అలుగకు. మధ్యేమార్గం చెప్త, ఇను. రెండు విద్యలు పెట్టుకో. ఆటల ఒప్పుకుంటరు గదా? సగం కావలోడు, సగం పాటగాడు. కావలోనికి బలం పదమూడు, పాటగానికి మాట పదమూడు ఉంటే చాలట. విహారిని అడిగిన. "అక్కా, అది రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టేనండీ, ఇటు ఒక మెట్టెక్కితే అటు మెట్టు ఆగిపోతుంది, రెండింట్లోనూ వెనకపడిపోతాడు" అన్నడు. పడనీ! వెనకపడితే మునిగిందేముంది? ఒక కాలన్న మాట మీద ఉంటది గదా.

తల ఊపకు. వద్దా? ఎందుకు వద్దు? చెప్పు... నాదీ బుద్ధి తక్కువే, చెప్పు అంటున్న.

ఎందుకో నాకెర్కే. పోయిన ఐతారం ముచ్చటనే గదా నీ కడుపుల ఉన్నది?

వాళ్లు నీ మంచికే చేసిండ్రు క్రాంతీ. నువ్వు చెప్పిన పాత డైలాగులన్నీ కంప్యూటర్ల ఎక్కిచ్చి, విహారి నీ గొంతు తయారు చేసిండు. మేధ టైపు చేసింది, అది పలికింది. నీ పాటగాడు మళ్ల మాట్లాడిండు. అచ్చం నువ్వే! గదే గంభీరం. మేధ కండ్లు తుడ్సుకున్నది, నేనేమో చప్పట్లు కొట్టిన. నువ్వు ఎడమ చేత్తోని పాచికలన్నీ కింద పారగొట్టినవ్. నిన్నే తిట్టిన నేను. పాపం పిలగాడు గంత కష్టపడి చేస్తే గిట్లనా చేసేది, అని అందరి ముంగట తిట్టిన.

తెల్లారి కొత్త కాగితం తెమ్మని సైగ చేసినవ్. తెస్తే, అన్నిటికన్న ముందుగాల మాట కాడ ఎనిమిది చూపెట్టినవ్. మాటే లేని మనిషైతే వాని తరఫున ఎవరూ మాట్లాడరు. గంతే గదా నీ లెక్క? చూడు, అర్థమైంది నాకు. అయినంకనే కొట్లాడుతున్న. ఎనిమిది రాసిననుకో, ఇగ నీ మాట రాదని నా చేత్తోని నేను రాసినట్టు. చేతులు వస్తలేవు నాకు.

ఒకటి చెప్త. కోపం చెయ్యకు. చేస్తే చెయ్యి.

గా గొంతును నా ఫోన్ల కూడ ఏపిచ్చుకున్న. వంటింటి తలుపు దగ్గరికేసి టైపు చేసిన, "మంజూ, తిన్నవా?" అని. నువ్వు రాంగనే, చెప్పులన్న ఇడవకముందే అడిగేది గదా. పలికింది. గొంతు నీదే. గానీ పలికిన తీరు ఎట్లున్నదో తెల్సా? దర్బారుల రాజు అడిగినట్టుంది! దాని తప్పేముంది, దాని తాన ఉన్నయన్నీ సినిమా మాటలే. ఇంట్ల మాట ఒక్కటి లేదు. ఫోన్ల కూడ టైపే చేసేటోనివి, గొంతు పనికి దాచుకోవాలె అని. గింత గొంతున్నోన్ని చేసుకొని, నన్ను పిలిచిన పిలుపు ఒక్కటన్న పట్టి పెట్టుకోకపోతిని.

అయినా జవాబిచ్చిన. "తిన్న, నువ్వు తిన్నవా?" అన్న, ఫోనుకు. సిగ్గన్న కాలే. గప్పటి సంది రోజూ అదే పని నాకు.

ఇగో, రాస్తున్న. మాట, ఎనిమిది. రెండో విద్య లేదు, పాటగాడు లేడు. ఉత్త కావలోడు. సరేనా? ఇగ నీ తరఫున ఎవరన్న మాట్లాడితే నేనే లేచి ఆపుత.

ఉండు, చెయ్యి తీయకు. ఇంకొకటున్నది. నిన్న వంటింట్ల అది మాట్లాడుతుంటే, ముందటి అర్రల నుంచి నువ్వు పిలిచినవ్. "మ" అన్నవ్. గంతకన్న రాలే నీకు. పక్షవాతమొచ్చినంక మొదటిసారి, నీ సొంత గొంతు, నా పేరే.

నేను వినలేదనుకున్నవ్ గదా? విన్న, క్రాంతీ. నీ "మ" నాకు మంచిగనే ఇనవడ్డది. ఫోన్ల అది ఇంకా మాట్లాడుతున్నది. దాని మాట అయిపోనీ అని ఆగిన.