గడ్డమన్న గడ్డకట్టించిన ఊరు

పరిశోధనశాల గేటు ఎదురుగా ఉన్న టీకొట్టు బల్ల మీద గడ్డమన్న రెండో టీ కూడా తాగేశాడు. లేవడానికి మాత్రం మనసు రావడం లేదు. పక్కనే మేడం కూర్చుని ఉన్నారు. ఆవిడ అతని గైడు. "టీ తాగి, వెళ్ళి ఆ ఫ్లాస్కు సంగతి చూద్దాం" అని పిలుచుకొచ్చింది ఆవిడే. వెళ్ళి చూస్తే ఏముంటుందో గడ్డమన్నకి తెలుసు. ఏమీ ఉండదు.

పెళ్ళికి ముందు మొదలుపెట్టి, పిల్ల బడికి వెళ్ళేదాకా తంటాలుపడి తయారుచేసిన పదార్థం, అంతా కలిపితే చిటికెడు, ఆ ఫ్లాస్కులో కరిగి ఉంది. పాకంలోంచి పంచదార విడినట్టు అది స్ఫటికాలుగా విడితే, ఎక్స్‌రేలో పెట్టి, ఇతను చేశానంటున్నది నిజంగా అదేనని లోకానికి చూపించొచ్చు. విడకపోతే ఈ పని పక్క ల్యాబుకి ఇచ్చేస్తానని మేడం మొన్ననే తేల్చి చెప్పేశారు. మాటలు కోటలు దాటుతాయి, కాలు గడప దాటదు అన్న సామెత మా ఆయన్ని చూసే పుట్టిందని వాళ్ళావిడ అంటుంటుంది. ఆ మాట ఊరంతా చెప్పుకు తిరిగేది కూడా గడ్డమన్నే.

"బాబాయ్, ఇంకో టీ" అని కొట్టాయనకి చెప్పి గొంతు సవరించుకున్నాడు. "క్రిస్టల్స్ అంటే గుర్తొచ్చింది మేడం, నేను కొత్తగా చేరిన రోజుల్లో ఏమైందో మీకెప్పుడూ చెప్పలేదు కదూ?"

"చెప్పావు" అన్నారు మేడం.

"సగమే చెప్పాను. అసలు సంగతేమిటంటే, ఫ్లాస్కు లోపలి గోడని గాజుకడ్డీతో గీకితే క్రిస్టల్స్ వస్తాయని అప్పటి సీనియర్ చెప్పాడు. సరే కదా అని గీకాను. పొద్దున్నించి గీకితే ఫ్లాస్కుకి కన్నం పడింది గానీ క్రిస్టల్ పడలేదు. అంతటి పనిమంతుణ్ణి నేను! ఏడుపొచ్చి గడ్డం గోక్కున్నా. గోక్కుంటే ఏదో నలుసు రాలింది, అది చుండ్రో, బిస్కెట్ పొడో, నాకే తెలీదు. రాలి పక్కవాడి ఫ్లాస్కులో పడింది. పడీ పడగానే తళుక్కుమని ఒక పలుకు!"

బల్ల చివర కూర్చున్న ఎంజైములావిడ తల ఊపింది. పై అంతస్తులో ఎంజైములతో కుస్తీ పట్టే మనిషి. గడ్డమన్న పదార్థం చేతికొస్తే దాన్ని తన ఎంజైముల మీద వేసి చూద్దామని ఎన్నాళ్ళనుంచో కాచుకుని ఉంది. "అంతవరకూ నిజమే అయ్యుంటుంది అన్నయ్యా. గడ్డాల్లో పాత పొడి ఇరుక్కుని ఉంటుందనీ, అది రాలితే దాన్ని పట్టుకుని మిగతాది గట్టిపడుతుందనీ మా పై అంతస్తువాళ్ళు కూడా అంటారు" అంది.

"అయ్యుంటుందేమిటమ్మా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? పక్కవాడిది గట్టిపడింది, వాడి పక్కవాడిది గట్టిపడింది, వరండా పొడుగునా ఎవరి బల్ల మీద ఏముంటే అది గట్టిపడుతూ పోయింది. జనం నా వెనకాల ఫ్లాస్కులు పట్టుకుని క్యూ కట్టారు. 'అన్నా, ఒక్కసారి గోక్కో అన్నా, నీకు పుణ్యముంటుంది' అని బతిమాలేవాళ్ళు. నేను గోక్కునేవాణ్ణి. అందరివీ గట్టిపడ్డాయి. నాది మాత్రం కొళాయి నీళ్ళలా నా మొహంలోకి చూస్తూ కూర్చుంది."

"పాపం" అన్నాడు టీకొట్టు బాబాయ్.

"పాపం నాది కాదు బాబాయ్, డైరెక్టరుగారిది! ఆయన ఉపన్యాసం ఇస్తుంటే నేను ముందు వరసలో కూర్చుని, నిద్రొచ్చి గడ్డం రుద్దుకున్నా. అంతే, ఆయన నోట్లోంచి వచ్చిన మాట వచ్చినట్టు గాల్లోనే గట్టిపడి టపటపా కింద రాలింది. పెద్ద పెద్ద మాటలు కదా, ముందు వరసవాళ్ళ కాళ్ళు వాచిపోయాయి. ఊడ్చి గోనెసంచుల్లో పోస్తే ఒక్కదాంట్లోనూ సరుకు లేదు. నా గడ్డం మీద ఒట్టు!"

ఎంజైములావిడకి టీ పొలమారింది. మేడం మొహంలో మాత్రం నవ్వూ లేదు, కోపమూ లేదు. ఆవిడ గ్లాసు ఖాళీ అయిపోయింది. ఇక లేవమంటారని గడ్డమన్నకి అర్థమైంది. కథని ఇంకో మెట్టు ఎక్కించక తప్పదు.

"అక్కడితో ఆగిందా? నా పెళ్ళయ్యాక, ఎక్కడో సముద్రం ఎంత చలిపెట్టినా గట్టిపడక చస్తోందని నాకోసం విమానం పంపించారు. కిటికీ పక్కన కూర్చున్నా. చలికాలం కదా, గడ్డం ఒకటే దురద. రెండు వేళ్ళతో, రెండంటే రెండే వేళ్ళతో ఇలా అన్నానో లేదో, బయట మబ్బులన్నీ బండరాళ్ళైపోయాయి! పైలట్ మంచివాడు, ఎందుకొచ్చిన గొడవ అని వాటిమీదే దింపేశాడు. అందరూ కిందికి దిగి కాళ్ళు సాగదీసుకున్నారు. ఓ ముసలావిడ తనకి నచ్చిన మబ్బు ముక్క సంచిలో వేసుకుంది. సముద్రం మీద వాలేసరికి ఓడలవాళ్ళంతా దండలు పట్టుకుని నిలబడ్డారు. గోకాను. సముద్రం ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి బిగుసుకుపోయింది, చేపలు పైకొచ్చి జారుడుబండ ఆడుకున్నాయి. తిరిగొస్తే మా ఊరు, అదే మన ఊరే, వీధి వీధంతా గడ్డకట్టుకుపోయి ఉంది. ఎందుకంటే నేను బయల్దేరేటప్పుడు ఇంట్లో దువ్వెన దులిపి వెళ్ళానట! జనం సుత్తులు పట్టుకుని ఒకళ్ళనొకళ్ళు ఇళ్ళలోంచి తవ్వి తీసుకుంటున్నారు. మా ఆవిణ్ణి తవ్వి తీస్తే మొదటి మాట ఏమందో తెలుసా? 'నీ ఫ్లాస్కులో పడిందా?' అంది."

"పడిందా అన్నయ్యా?"

"లేదమ్మా" అన్నాడు గడ్డమన్న. ఆ ఒక్క మాటా కోతలా వినపడలేదు.

మేడం ఖాళీ గ్లాసు పక్కన పెట్టారు. "సరే. మరి ఇప్పుడు లోపలున్న ఫ్లాస్కు సంగతేమిటి?"

గడ్డమన్న మూడో టీ అందుకున్నాడు. నోరు అలవాటు మానదు. "దానికి నేను తీసుకున్న జాగ్రత్త మీరు చూడాలి మేడం! ఇంతకుముందంతా దుమ్ము పడీ, చెయ్యి తగిలీ పాడైందని, ఈసారి ప్రాణం పెట్టి కాపాడాను. గాజుమూత, దానికి చుట్టూ గ్రీజు, దానిమీద సాగే టేపు, దానిమీద ఇంకో టేపు. పదార్థం కరిగింది గుప్పుమనే ద్రావకంలో కదా, అయినా పక్కన ముక్కు పెట్టి పీల్చండి, వాసన వస్తే నా పేరు మార్చుకుంటాను. దోమ ఊపిరి కూడా అటూ ఇటూ పోదు!"

"ఏ పద్ధతిలో పెట్టావు?"

"మీరు చెప్పిందే మేడం. ద్రావకం నెమ్మదిగా ఆవిరైపోతుంటే క్రిస్టల్స్ పడే పద్ధతి."

"మరి ఆవిరి ఎటు పోతోంది?"

గడ్డమన్న వేళ్ళమీద లెక్కపెట్టాడు: మూత, గ్రీజు, టేపు, ఇంకో టేపు. ఆవిరికి దారే లేదు. ముందు ఎంజైములావిడే పకపకా నవ్వింది, ఆపుకోలేక బల్ల పట్టుకుని మరీ నవ్వింది. గడ్డమన్నకి తల తీసేసినట్టయింది. ఎన్ని రోజులు పొద్దున్నే వచ్చి, ఆ మూత ఇంకాస్త బిగించి, లోపలికి చూసి, ఏమీ లేదని ఇంటికెళ్ళి అన్నం సహించక పడుకున్నాడు!

అంతలోనే మెల్లగా, సిగ్గు అడుగునుంచి, ఇంకేదో పైకొచ్చింది. "అంటే మేడం... అది పడకపోవడం కాదు. అసలు మొదలే కాలేదు!" అన్నాడు. ఆ గొంతులో సంతోషం దాచుకుందామన్నా దాగలేదు.

"ఇన్నాళ్ళూ నువ్వు చేసిన పదార్థమే తప్పేమోనని అనుమానపడ్డాను. అనుమానించాల్సింది నీ మూతని" అన్నారు మేడం. ఈసారి ఆవిడకీ నవ్వొచ్చింది. "వెళ్ళి ఆ టేపులూ గాజుమూతా తీసేసి, మూతికి ఒక్క పొర టేపు వేసి, దానికి సూదితో కన్నం పెట్టు. ద్రావకం అంతా పోయేదాకా ఈ పని నీదే. పక్క ల్యాబువాళ్ళకి నేను చెప్పుకుంటాను."

గడ్డమన్న టీ అక్కడే వదిలేసి పరుగందుకున్నాడు.

"అన్నయ్యా!" ఎంజైములావిడ వెనకనుంచి అరిచింది. "దీన్ని రేపు ఎంత పెంచి చెప్తావు?"

"ఎక్కడ పెంచనమ్మా?" పరిగెడుతూనే అరిచాడు గడ్డమన్న. "నేను చేసిన పనే కోతల్ని మించిపోయింది, అబద్ధానికి చోటే లేదు!"